అక్క కంటిలోని రంధ్రం

మా అక్కకు చిన్ననాటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే. ఎడమ కంటి పవర్ మైనస్ 16 దాటింది. నిరుడు ఒకనాడు గుమ్మం అంచు నడుమ వంగినట్లు కనిపిస్తోందనీ, చదివే మాటలో మధ్య అక్షరం మాయమవుతోందనీ చెప్పినప్పుడు, అద్దాలు మారిస్తే సరిపోతుందని అందరం తేలికగా తీసుకున్నాము. కంటి వెనుక పొరలను కాంతితో చూపే ఓసీటీ స్కానులో, రెటీనా అనే చూపు తెర మధ్యన సూటి చూపునిచ్చే మాక్యులా నడిబొడ్డున రంధ్రం బయటపడింది.

మామూలు కన్ను ముందు నుంచి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది, అక్కది 30. అంత సాగిన కంటి వెనుక గోడ పలుచబడి, సంచిలా వెలుపలికి ఉబ్బుతుంది. రెటీనా ఆ గోడతో సమానంగా సాగలేదు. పైగా లోపలి జెల్లు పొరలు దానిని ముందుకు లాగుతుంటాయి. ఈ రెండు లాగుళ్ల మధ్య మాక్యులా చిరుగుతుంది. ఇలాంటి కళ్లలో రంధ్రం చుట్టూ రెటీనాయే ఊడి లేచే ప్రమాదం ఉన్నందున, చూద్దాంలే అని నెలలు గడపడం మంచిది కాదు.

జెల్లును తొలగించి, గ్యాస్ నింపి ఈ రంధ్రాన్ని మూయవచ్చని అమెరికాలో కెల్లీ, వెండెల్ అనే వైద్యులు 1991లో చూపారు. వారు ఆపరేషన్ చేసిన 52 కళ్లలో 30 కళ్ల రంధ్రాలు మూసుకున్నాయి. తరువాత రెటీనా మీది అతి పలుచని పొరను ఒలిచివేయడం వాడుకలోకి వచ్చినా, సాగిన కళ్లు అంత సులువుగా లొంగలేదు. పోలండ్ వైద్యురాలు జోఫియా మిహలెవ్‌స్కా బృందం 2010లో ప్రకటించిన పద్ధతిలో ఆ పొరను పూర్తిగా తీసివేయక, రంధ్రం అంచున కొంత వదిలి, దానినే తిరగేసి మూతలా కప్పుతారు; దాని మీదుగా కణజాలం అల్లుకుంటుంది. అక్కకు చేసినదీ అదే. నీలిరంగు అద్దినా వెలిసిన ఆ వెనుక గోడపై పొర సరిగా కనబడదనీ, 30 మిల్లీమీటర్ల లోతుకు మామూలు పట్టుకారు అందడమే కష్టమనీ డాక్టరుగారు చెప్పినప్పుడు, ఆయన చేతిపనితనం మీద నాకు గౌరవం పెరిగింది.

కంటిలో నింపిన గ్యాస్ బుడగ పైకి తేలి రంధ్రానికి ఆనేలా వారం రోజులు బోర్లా ఉండవలసి రావడమే అక్కకు అన్నిటికంటె కష్టమయింది. అమ్మ నవారు మంచానికి తలవైపు రెండు పట్టీలు విప్పి, ముఖం ఆనే చోటు ఖాళీ చేసింది. కొన్న దిండుకంటె అదే నయమనిపించింది. గ్యాస్ కరిగేదాకా, అంటే సుమారు రెండు నెలలు, విమానం ఎక్కరాదన్నారు. ఎత్తుకు వెళితే బుడగ వ్యాకోచించి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. బుడగ కరిగే కొద్దీ, రసమట్టంలో నీటి గీత ఊగినట్లు, చూపులో ఒక గీత రోజురోజుకూ కిందికి దిగేదట.

రంధ్రం మూసుకుంది. కాని మూసుకోవడం వేరు, చూపు రావడం వేరని డాక్టరుగారు ముందే హెచ్చరించారు; 6/60 ఉన్న చూపు, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలిగిన చూపు, నాలుగు నెలలకు 6/24 దగ్గర ఆగింది. ఈ ఆపరేషన్ తరువాత శుక్లం త్వరగా ముదురుతుంది కనుక దాని సంగతీ చూడవలసి ఉంది. కుడి కన్ను పవర్ మైనస్ 15. అందుకే అక్క రోజూ ఉదయం ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, గోడమీది కేలండరులో తేదీల గళ్లు ఎక్కడైనా వంగాయేమో చూసుకుంటుంది.