కుండ నిండుతున్న చప్పుడు

రామాయణాన్ని తొమ్మిది రోజుల్లో చదివే నవాహ పారాయణల్లో అయోధ్యకాండ 63, 64 సర్గలు రాగానే గొంతులు వేగం అందుకుంటాయి. చావు ఘట్టం, అశుభం అని గబగబా దాటేసి ముందుకు పోతారు. వింటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి, అర్ధరాత్రి వేళ, ఇంక కాసేపట్లో ప్రాణం వదలబోతూ దశరథుడు కౌసల్యతో చెప్పుకున్న మాటలండీ అవి!

యదాచరతి కల్యాణి శుభం వా యది వాశుభమ్
తదేవ లభతే భద్రే కర్తా కర్మజమాత్మనః

మంచైనా చెడైనా, ఎవరు చేసిన పనికి ఫలితం వాళ్లే పొందుతారని.

ఎవరికైనా కష్టం వస్తే "వాడి కర్మ" అనేసి ఈ శ్లోకం వాడి నెత్తిన పెడతాం. దశరథుడు మాత్రం తన గురించి చెప్పుకున్నాడు.

తను యువరాజుగా ఉన్నప్పటి సంగతి. వానాకాలం, సరయూ తీరం, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. నీళ్లలో కుండ ముంచితే బుడబుడమని నిండుతున్న చప్పుడు. ఏనుగనుకున్నాడు. చప్పుడును బట్టి కొట్టగలడని అప్పటికే పేరు, ఆ పేరే బాణం వేయించింది, "కుమారః శబ్దవేధీతి" అని తనే ఒప్పుకుంటాడు. చూడలేదు, అడగలేదు, విన్నాడంతే.

నాకిక్కడ మా నాన్న గుర్తొస్తారు. ఒకరోజు రాత్రి వంటింట్లో చెంబు కిందపడిన చప్పుడైంది. పడుకున్న చోటు నుంచే "ఎందుకు నాన్నా అందరి నిద్రా పాడుచేస్తావు" అని గట్టిగా అరిచాను. పొద్దున చూస్తే ఆయన మంచం పక్కన మంచినీళ్ల సీసా ఖాళీగా ఉంది, ముందురోజు నింపడం మరిచిపోయింది నేనే. ఆ తర్వాత ఆయన రాత్రిళ్లు నీళ్ల కోసం లేవడం మానేశారు.

ఆ రాత్రి కుండ ముంచింది కళ్లు లేని తల్లిదండ్రుల కోసం నీళ్లకొచ్చిన ఓ ముని కొడుకు. ఒంట్లో బాణం దిగిన ఆ పిల్లవాడు చూడండి, బ్రహ్మహత్య అంటదులే భయపడకు అని రాజునే ఓదార్చి, ముందు వెళ్లి తన తండ్రికి చెప్పమన్నాడు. దశరథుడు కుండ నిండా నీళ్లు పట్టుకుని వెళ్లాడు. కళ్లు లేని ఆ తండ్రి అడుగుల చప్పుడు విని, "ఇంత ఆలస్యమేంటి నాయనా, తొందరగా నీళ్లు తే" అన్నాడు. ఆయనా చప్పుడే విన్నాడు, చూడకుండానే అనుకున్నాడు, కానీ కొడుకనుకున్నాడు! ఒకే రాత్రి, చీకట్లో ఒకరికి ఏనుగు, ఇంకొకరికి బిడ్డ. నాకు రామాయణమంతా ఒక ఎత్తు, ఈ రెండు చప్పుళ్లూ ఒక ఎత్తు.

నిజం విన్నాక ఆ ముని అన్నది, నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నీ తల లక్ష ముక్కలయ్యేదని. నువ్వూ కొడుకు కోసం ఏడుస్తూనే పోతావన్న శాపం ఎలాగూ తప్పలేదు. అయినా దశరథుడు చెప్పాడు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే పడుకునే ముందు సీసా నింపి పెట్టండి, చప్పుడైతే లేచి లైటు వేయండి. నోరు జారి ఉంటే ఇవాళే చెప్పేయండి. మా నాన్న ఉండగా నేను చెప్పలేదు. ఏటా తద్దినం నాడు నువ్వులతో నీళ్లు వదులుతూ, అయ్యగారికి వినపడకుండా చెప్పుకుంటున్నాను.