అనుభవం గడిలో ‘లేదు’ అని రాయకండి

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో, ఒక మందుల కంపెనీ నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూల్లో నేనూ కూర్చుంటాను. వచ్చేవాళ్లలో చాలామంది మన చుట్టుపక్కల పిల్లలే. దేవరకద్ర, మక్తల్, నారాయణపేట, కల్వకుర్తి, అటు దేవరకొండ నుంచి కూడా వస్తారు. బీఎస్సీ చదివినవాళ్లు, ఐటీఐ చేసినవాళ్లు. వాళ్ల బయోడేటాలు వరుసగా చదువుతుంటే మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేను. పేరు, ఊరు తీసేస్తే అన్నీ ఒక్కరివే అనిపిస్తాయి. జిరాక్స్ సెంటర్లో ఉన్న నమూనాలో పేరు మార్చి అచ్చు తీయించుకున్నవి. కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలిసిపోతాను. అనుభవం అనే గడిలో మాత్రం ‘లేదు’.

ఆ ‘లేదు’ను నేను నమ్మను. డిగ్రీ పూర్తయ్యేలోపు ఏ పనీ చేయని పిల్లలు పాలమూరులో, నల్లగొండలో ఎంతమంది ఉంటారు?

మక్తల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్తాను. కెమిస్ట్రీతో బీఎస్సీ, మార్కులు మామూలుగా ఉన్నాయి. “డిగ్రీ అయ్యాక ఏం చేశావమ్మా?” అని అడిగితే “ఇంటి దగ్గరే ఉన్నాను మేడమ్” అంది. ఖాళీగానే ఉన్నావా అంటే కాసేపు ఆగి, “యాసంగిలో మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో కూర్చున్నాను. ఆ కేంద్రం నడిపే మహిళా సంఘంలో అమ్మ ఉంది, అందుకని” అంది, అదేదో చెప్పకూడని విషయమైనట్టు.

ఆ కేంద్రంలో ఏమేం చేసేదో ఒక్కొక్కటే అడిగాను. కుప్పలో పైపైన కాకుండా, అడుగునా పక్కలనా కూడా గింజలు తీసి కలిపి తేమ చూసేది. 17 శాతం దాటితే తూకం లేదు. తాలు, మట్టి ఎక్కువుంటే మళ్లీ తూర్పార పట్టమని చెప్పేది. టోకెన్ వరుస తప్పకుండా కాంటాకు పిలవడం, 40 కిలోల సంచుల లెక్క, లారీ కదిలేటప్పుడు ట్రక్ షీట్, సాయంత్రానికి ట్యాబ్‌లో రైతుల ఖాతా నంబర్లు. ఒక్క అంకె తారుమారైతే ఒక ఇంటి పంట డబ్బు ఆగిపోతుంది కదా.

అప్పుడు అడిగాను: “సొంతవాళ్ల వడ్లకు తేమ ఎక్కువ వస్తే ఏం చేసేదానివి?”

“మా పెద్దనాన్న వడ్లకే 19 వచ్చింది మేడమ్. మీటరు ఆయన చేతికే ఇచ్చి మళ్లీ చూడమన్నాను. అంతే వచ్చింది. ఇంకో ఎండ తగలనివ్వండి పెద్దనాన్నా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది కానీ, మర్నాడు ఆరబెట్టుకుని తెచ్చాడు.”

మా విభాగంలో జరిగేది ఇదే. ముడిసరుకు డ్రమ్ముల్లో వస్తుంది. అన్నీ విప్పలేం కాబట్టి మొత్తం సంఖ్యకు వర్గమూలం కట్టి దానికి ఒకటి కలిపి, వచ్చిన అంకె ఎంతో అన్నే డ్రమ్ముల నుంచి నమూనా తీయడం మందుల కంపెనీల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. 100 డ్రమ్ములు వస్తే 11. పరీక్షలో చూసిన అంకెను చూసినప్పుడే రాయాలి. రాతలో తప్పుపోతే దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సంతకమూ తేదీ వేయాలి. కింద ఉన్న అంకె కనిపిస్తూనే ఉండాలి, వైటనర్ పూయకూడదు. ఫలితం హద్దు దాటితే, ఉత్పత్తి విభాగం వాళ్లు సరుకు కోసం గుమ్మం దగ్గర నిలబడినా సరే, కుదరదని చెప్పాలి. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం నడపడం ఎవరికైనా నేర్పగలం. పెద్దనాన్న ముందు కూడా మీటరు చూపిన అంకె మీద నిలబడడం ఎలా నేర్పుతాం? ఆ అమ్మాయికి అది ముందే వచ్చు. ఉద్యోగం ఇచ్చాం. అయితే అడిగేవాళ్లకు ఆ రోజు ఓపిక లేకపోయి ఉంటే ఆమె వెనక్కి వెళ్లిపోయేదన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. ఒక్కో మనిషికి దొరికేది పది నిమిషాలు. అందులో తవ్వి తీసే బాధ్యత అవతలివాళ్ల మీద పెట్టకండి.

అందుకే బయోడేటాలో ఇలా రాయమంటాను: ఏ సంవత్సరం, ఏ సీజన్, ఏ ఊరి కేంద్రం, ఎన్ని వారాలు, ఎంతమంది రైతుల వడ్లు, ఎన్ని సంచులు, మీ చేతిమీద జరిగిన పని ఏది. కేంద్రం నడిపిన సంఘం నుంచి ఒక కాగితం మీద సంతకం తీసుకోండి, ఇస్తారు. లెక్క పెంచి మాత్రం రాయకండి. తేమ పరీక్ష చేశానని రాస్తే, గింజలు ఎక్కడెక్కడి నుంచి తీశావని నా రెండో ప్రశ్న ఉంటుంది. చేసినవాళ్లు దానికి తడుముకోరు.

మిర్యాలగూడ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఐటీఐ ఫిట్టర్. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో నడిచే బాయిలర్ దగ్గర పనిచేశాడు, కానీ బయోడేటాలో ఆ మాటే లేదు. మిల్లు పని అని రాస్తే చులకన చేస్తారని ఎవరో చెప్పారట. ఈ సలహా ఎవరిస్తారో గానీ చాలామంది బతుకులను వెనక్కి లాగుతోంది. గాజు గొట్టంలో నీటి మట్టం ఎక్కడుండాలో, పొగ నల్లగా వస్తే గాలి చాలడం లేదని ఎలా గుర్తుపట్టాలో మా యుటిలిటీ ఇంజినీరు అడిగితే గడగడా చెప్పాడు. మందుల కంపెనీలకు కూడా ఆవిరి కావాలి, బాయిలర్లు ఉంటాయి. బాయిలర్ అటెండెంట్ పరీక్షకు కూర్చోవాలంటే పనిచేసిన అనుభవం చూపించాలి. అంటే అతను దాచిపెట్టిన ఆ మిల్లు పనికే అక్కడ విలువ. మిల్లు యజమాని దగ్గర అనుభవ పత్రం తెచ్చుకోమని పంపాం.

గద్వాల, నారాయణపేట మగ్గాల ఇళ్ల పిల్లలకూ ఇదే మాట. నూలుకు రంగు కలిపే కొలతలు తెలిసిన చెయ్యి ప్రయోగశాలకు పనికొచ్చే చెయ్యి.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే మా నాన్న. కోయిలకొండ పక్క ఊరు మాది. ఆయన గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు, డ్యామ్ పనులకు దూర రాష్ట్రాలకు వెళ్లేవాడు. రాతి కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. రసమట్టం పెట్టకముందే వరస ఎక్కడ వంగిందో చెప్పగలిగేవాడు. కానీ కాంట్రాక్టరుతో మాట్లాడేది ఆయన కాదు, మేస్త్రీ. మేస్త్రీ చెప్పేది తలల లెక్క. ఫలానా మనిషికి ఫలానా పని వచ్చని విడదీసి చెప్పేవాడు కాదు. తట్ట మోసేవాడికీ రాయి కట్టేవాడికీ ఒకటే కూలి పడేది. పాలమూరు కూలీలు కట్టిన కాలువలు దేశంలో ఎన్నో చోట్ల ఉన్నాయి. వాళ్లలో ఎవరి చేతిలో ఏ విద్య ఉందో రాసిపెట్టిన కాగితం మా ఇంట్లో లేదు, పక్కింట్లోనూ లేదు. ఇవాళ మీ చేతిలో బయోడేటా ఉంది. మధ్యలో మేస్త్రీ లేడు.

జీతం మాట కూడా చెప్పాలి. ఎంత ఆశిస్తున్నారని అడిగితే “మీరు ఎంతిస్తే అంత మేడమ్” అంటారు. మర్యాద అనుకుని అంటారని తెలుసు, అయినా అనవద్దు. అదే విభాగంలో చేరిన మీ సీనియర్లను ముందే కనుక్కుని, ఇంత నుంచి ఇంత అని చెప్పండి. ఎదుటివాళ్లు చెప్పే అంకె మొత్తం చేతికి రాదని కూడా తెలుసుకుని ఉండండి. మూలవేతనంలో 12 శాతం పీఎఫ్‌కు పోతుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమైతే ఈఎస్‌ఐ కింద 0.75 శాతం పోతుంది, దానికి బదులు ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంటుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను మీకు చెప్పిన జీతంలోనే కలిపారా, వేరుగా ఇస్తారా అని అడగండి. బస్సు ఏ ఊరిదాకా వస్తుంది, రాత్రి షిఫ్టుకు అదనంగా ఏమైనా ఇస్తారా, శిక్షణ ఎన్ని నెలలు, అది అయ్యాక జీతం ఎంత అవుతుంది, ఇవన్నీ అడగండి. అడిగినందుకు ఒక్కరినైనా పక్కన పెట్టడం నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో చూడలేదు.