వాసన వచ్చే సిలికాన్ కోసం

ఈ రోజంతా చేపల తొట్టె పనికే సరిపోయింది. వెనుకవైపు కుడి మూలలో, పక్క అద్దం అడుగు అద్దాన్ని కలిసే చోట, కొంతకాలంగా సన్నటి చెమ్మ కనిపిస్తూ ఉంది. తుడిచిన కాసేపటికే మళ్లీ వేలికి తడి తగులుతుండటంతో ఇక వాయిదా వేయడం మంచిది కాదనిపించింది. గోల్డ్‌ఫిష్‌లను తొట్టెలోని పాత నీళ్లతో సహా ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, ఫిల్టరును కూడా అందులోనే నడుపుతున్నాను. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను హాని తక్కువ పదార్థాలుగా మార్చే బ్యాక్టీరియా ఆ ఫిల్టరు స్పాంజిలోనే ఉంటుంది. దాన్ని ఎండనిస్తే తొట్టె బాగైన తర్వాత చేపలకు కొత్త కష్టం మొదలవుతుంది.

ఉదయమే మా బావమరిది ఫోనులో, "కొంచెం ఎం-సీల్ అద్దు బావా, అయిపోతుంది" అన్నాడు. పైపుల అతుకులకు ఆ ముద్ద చక్కగా పనికొస్తుంది గాని, ఆరిన తర్వాత అది గట్టిపడి ఇక కదలదు. మా తొట్టె పొడవు మూడడుగులు, వెడల్పూ ఎత్తూ అడుగున్నర చొప్పున; నిండా నింపితే సుమారు 190 లీటర్లు పడతాయి, అప్పుడు ముందు అద్దం ఒక్కదాని మీదే దాదాపు 95 కిలోల బరువుతో నెట్టినంత ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి అద్దం కంటికి కనిపించనంత మేర ఉబ్బుతుంది, నీళ్లు తీసేస్తే యథాస్థితికి వస్తుంది. అద్దంతో పాటు సాగి, తిరిగి ముడుచుకోగలిగిన పదార్థమే అతుకులో నిలుస్తుంది కాబట్టి అద్దాల తొట్టెలకు సిలికాన్ అనే రబ్బరు జిగురు వాడతారు.

అయితే ఏ సిలికాన్ అన్నదే అసలు ప్రశ్న. మా అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గరి అద్దాల కొట్టులో అడిగితే, కొట్టతను నాలుగైదు రకాల ట్యూబులు బల్ల మీద పరిచి, "వాసనొచ్చేది కావల్లా సార్, రానిదా? రానిదైతే బూజు కూడా పట్టదు. బాత్‌రూములకంతా ఇదే తీసుకపోతారు" అన్నాడు. అతను మంచి మనసుతోనే చెప్పాడు. స్నానాల గదికి అదే సరైన సలహా కూడా. కానీ బూజు పట్టకుండా ఉండేందుకు అందులో కలిపేది శిలీంద్రాలను చంపే మందు. అటువంటి మందుల్లో జింక్ పైరిథియోన్ ఒకటి. చుండ్రు షాంపూల్లో ఉండేదీ అదే. మన తలకు మేలు చేసే ఆ పదార్థం నీటిలో బతికే ప్రాణులకు తీవ్రమైన విషం. పైగా ఆ మందు సిలికాన్ ఆరిపోయాక మాయమయ్యేది కాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పైకి వస్తూ ఉండాలనే దాన్ని కలుపుతారు. గోడకు గుణమైనది తొట్టెకు దోషం అన్నమాట. ట్యూబు మీద "శానిటరీ" అనో "యాంటీ ఫంగల్" అనో "కిచెన్ అండ్ బాత్" అనో కనిపించగానే నేను దాన్ని పక్కన పెట్టేశాను.

వాసన సంగతి దీనికి పూర్తిగా భిన్నం. నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ ఘాటు లాంటిదే ఈ సిలికాన్ నుంచీ వస్తుంది, ఎందుకంటే రెంటిలోనూ ఉన్నది ఎసిటిక్ ఆమ్లమే. ట్యూబులో ఉన్నంతసేపూ తేమ తగలని ఈ పదార్థం, బయటికి రాగానే గాలిలోని నీటి ఆవిరితో చర్య జరిపి రబ్బరుగా మారుతుంది, ఆ మార్పులో ఆమ్లం విడుదలవుతుంది. లోపలి దాకా ఆరి వాసన పూర్తిగా పోయాక మిగిలేది నీటిలో కరగని, చేపలకు హాని చేయని రబ్బరు. దీన్నే అసిటాక్సీ రకం అంటారు. వాసన లేని న్యూట్రల్ రకాలన్నీ చెడ్డవని చెప్పలేను గాని, వాటిలో కొన్ని ఆరేటప్పుడు ఆల్కహాల్‌ను, మరికొన్ని ఆక్సైమ్ జాతి రసాయనాలను వదులుతాయి. ట్యూబు మీద ఆ వివరం స్పష్టంగా రాసి ఉండడం అరుదు. ముక్కుకు ఇబ్బంది లేదని వాటిని నమ్మడం కంటే, ఘాటుగా ఉన్నా వదిలేది ఏమిటో తెలిసిన దాన్ని ఎంచుకోవడమే నాకు నయమనిపించింది.

చివరికి తీసుకున్నది 280 మిల్లీలీటర్ల మామూలు రంగులేని పారదర్శక రకం ట్యూబు. వంద శాతం సిలికాన్ అని, అసిటాక్సీ అని దాని మీద ఉంది. అక్కడే నిలబడి ఫోనులో కంపెనీ సాంకేతిక పత్రం తెరిచి చూస్తే, శిలీంద్ర నాశని ప్రస్తావన లేదు, అక్వేరియంలకు వాడవచ్చన్న మాట ఉంది. ఈ చివరి మాట ముఖ్యం. కొన్ని ట్యూబులు పైకి ఒకేలా కనిపించినా, నీటిలో ఎప్పుడూ మునిగి ఉండే చోట వాడవద్దని వాటి పత్రాల్లోనే రాసి ఉంటుంది. రంగు వేసుకోవచ్చని గొప్పగా చెప్పే గోడ పగుళ్ల సీలెంట్లు సాధారణంగా యాక్రిలిక్‌వి. వాటిని తొట్టె దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

తయారీ తేదీ కూడా చూశాను. తెరవని ట్యూబులోని సిలికాన్‌కు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర ఆయుష్షు ఉంటుంది. గడువు దాటినది ఎన్నాళ్లయినా జిగటగానే ఉండిపోవచ్చు. అనంతపురం ఎండకు ఎదురుగా అద్దాల బీరువాలో నిలబెట్టిన ట్యూబు వద్దని, లోపల అట్టపెట్టెలో ఉన్నది తెప్పించుకున్నాను. కొట్టతను నవ్వాడు గాని, విసుక్కోలేదు.

మధ్యాహ్నమంతా పాత సిలికాన్ గీకడమే. ఆరిన సిలికాన్‌కు కొత్తది సరిగా అతుక్కోదు కనుక కారిన మూల ఒక్కటే పూస్తే ప్రయోజనం లేదు. లోపలి అంచుల పూత అంతా తీసేయాల్సిందే. బ్లేడును అద్దానికి దాదాపు ఆనించి తోస్తే పూత రిబ్బనులా లేచి వస్తుంది, కానీ దాని కింద కంటికి ఆనని పలుచని పొర ఉండిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ సాఫీగా జారకుండా ఎక్కడ పట్టినట్టు ఆగితే, అక్కడ ఆ పొర ఉన్నట్టే. రెండు అద్దాల మధ్యనున్న అసలు అతుకులోకి మాత్రం బ్లేడు దిగకుండా చూసుకున్నాను. తొట్టెను నిలబెట్టేది అదే.

పూయడానికి ఎంతో సేపు పట్టలేదు. అంచుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, గన్‌తో ఆగకుండా ఒకే ధారగా లాగి, గ్లౌజు వేలితో దిద్ది, పైపొర కట్టేలోపే టేపు తీసేశాను. కిటికీల పనివాళ్లలా సబ్బునీళ్లతో వేలు తడుపుకోలేదు. చేపలుండే చోట సబ్బు దేనికి?

ఇక ఆరడం మన ఊరి గాలి మీద ఆధారపడి ఉంది. ఎండ ఎక్కువ కాబట్టి త్వరగా ఆరుతుందని ఇంట్లో అందరూ అంటున్నారు గాని, సిలికాన్‌ను ఆరబెట్టేది వేడి కంటే ముఖ్యంగా తేమ. దేశంలో బాగా తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఒకటని చిన్నప్పటి నుంచీ మనం చెప్పుకునే చోట, ఏప్రిల్ గాలిలో ఆ తేమకే కరువు. మామూలుగా రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు ఆరుతుందని లెక్క. పై పొర గట్టిపడినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు కాబట్టి, గదిలో తడి దుప్పటి ఆరవేసి, కిటికీ కొంచెం తెరిచి, వారం పాటు ముట్టుకోకూడదని నిర్ణయించాను. అప్పటికీ దగ్గరికి వెళితే వెనిగర్ వాసన తగిలితే ఇంకా ఆగుతాను.

ఆ తర్వాత చదునైన నేల మీద, కింద వార్తాపత్రిక పరిచి, నిండా నీళ్లు పోసి రెండు రోజులు చూడాలి. కాగితం పొడిగా ఉంటే ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో చేపలను వదలవచ్చు. తడిస్తే మాత్రం తప్పు లోపలి పూతలోనే కాక, అద్దాల మధ్య అతుకులోనూ ఉందని అర్థం. అప్పుడు అయిదు అద్దాలనూ విడదీసి తిరిగి కట్టాలి, ఆ పని నేను పెట్టుకోను, కొట్టతనికే అప్పగిస్తాను, ట్యూబు మాత్రం నేనే కొనిస్తాను.