అమ్మ ఆయాసం, ఊదే పరీక్ష, ఇన్‌హేలర్: నా అనుభవం

అమ్మ జన్మలో చుట్టా బీడీ ముట్టింది లేదు. అయినా సీఓపీడీ అన్నారు, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయి ఊపిరాడనివ్వని దీర్ఘకాల జబ్బు. "వంట దేనిమీద చేసేవారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. కట్టెల పొయ్యి, వానాకాలమైతే తడిసిన కందికంప. ఇంటికి గ్యాస్ వచ్చేసరికి ఆవిడకు యాభై దాటాయి. అన్నేళ్లు ఆ పొగ పీల్చినా ఊపిరితిత్తులు ఇలాగే పాడవుతాయట.

అప్పటిదాకా ఉబ్బసమనుకుని ఊళ్లో సూదిమందులతో నెట్టుకొచ్చాం. అసలు సంగతి తేల్చింది స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, పక్కన టెక్నీషియన్ "ఊదండి, ఇంకా, ఇంకా" అని ఒకటే అరుపులు. మధ్యలో దగ్గొస్తే మళ్లీ మొదటికే. తర్వాత శ్వాసనాళాలను వదులుచేసే సాల్‌బ్యుటమాల్ మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. మందు పీల్చాక కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం కన్నా తక్కువుంటే శ్వాసనాళాలు ఇరుకైనట్టు. అమ్మది 52.

ఇన్‌హేలర్ అనగానే చుట్టాలందరిదీ ఒకటే పాట: "అలవాటైపోతుంది." రోజూ బీపీ మాత్ర వేసుకునేవాళ్లే ఆ మాట అనడం!

మొదట పొడిమందు గుళికలు ఇచ్చారు. వాటిని గట్టిగా, ఒక్క ఊపున లాగాలి. అమ్మకు అంత దమ్మేదీ? సగం పొడి అందులోనే మిగిలేది. మందు మార్చమని అడగడానికి వెళ్తే నర్సమ్మ "ఏదీ, నా ముందు పీల్చండి" అంది. చూడగానే అర్థమైపోయింది ఆవిడకు. పంపు ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టంలాంటి డబ్బా (స్పేసర్) రాయించింది. దీని పద్ధతి వేరు: మెల్లగా, లోతుగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్టెరాయిడ్ కూడా ఉంది కాబట్టి పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే మందు గోడలకే అంటుకుంటుందట.

చలికాలంలో జలుబు చేసి, తెమడ పచ్చబడి, ఆసుపత్రిలో చేర్చాల్సొచ్చింది. ఆక్సిజన్ మీటరు మీద 90 శాతం చూసి నాకు ఒకటే టెన్షన్, ఆక్సిజన్ పెంచమని గొడవ. ఈ జబ్బులో 88 నుంచి 92 చాలు, మరీ పెంచితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందని డ్యూటీ డాక్టరు ఓపిగ్గా చెప్పారు.

ఇప్పుడు ఏటా ఫ్లూ టీకా వేయిస్తున్నాం. మెట్లెక్కేటప్పుడు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదులుతుంది. దోమల చుట్ట, అగరుబత్తి మానేసింది. శుక్రవారం సాంబ్రాణి దగ్గరే ఇంకా బేరం తెగలేదు.