కుక్కకి చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం

మా చింటూకి నాలుగేళ్ళు నిండాక పండు ఇంటికొచ్చింది. చింటూ కుక్క, పండు పిల్లి. తెలిసినవాళ్ళు ఊరు మారుతూ ఉంచుకోలేక ఇచ్చారు. కుక్కని కూననుంచి పెంచినదాన్ని, పిల్లి ఒక లెక్కా అనుకున్నాను. ఆ ధీమాతోనే మొదటిరోజు చేయకూడని పని చేశాను.

పండుని చేతుల్లో ఎత్తుకుని "ఇదిగోరా, నీ చెల్లి" అంటూ చింటూ ముందుకి తీసుకెళ్ళాను. వాడు తోకాడిస్తూ ముక్కు చాపాడు. అంతే, పండు చెవులు తలకి అతుక్కుపోయాయి, తోక సీసాలు కడిగే బ్రష్‌లా ఉబ్బిపోయింది. బుస్సుమంటూ నా భుజమెక్కి దూకేసింది. పోతూపోతూ వాడి ముక్కు మీద ఒక గీత, నా చేతి మీద మూడు గీతలు పెట్టింది. అది పరుగెత్తేసరికి వీడు దాని వెంట. ఫ్రిజ్ వెనక దూరిన పిల్లి అర్ధరాత్రి దాటాక గానీ బయటికి రాలేదు.

మర్నాడు వెటర్నరీ డాక్టర్ చింటూ కళ్ళలో లైటు వేసి చూసి, "గోరు కాస్త పైన పడుంటే కంటికి దెబ్బ తగిలేదమ్మా" అన్నారు. తప్పు పండుది కాదట. పిల్లికి భయమేస్తే పారిపోవడానికి దారి కావాలి. ఎత్తి పట్టుకుని నేను ఆ దారి మూసేశాను. "కొన్నాళ్ళు అవి ఒకదాన్నొకటి చూడకూడదు. వాసనతో మొదలుపెట్టండి. పిల్లి ఒకరోజు మించి తిండి మానేస్తే మాత్రం వెంటనే తీసుకురండి, దాని కాలేయానికి మంచిది కాదు" అని పంపించారు.

దాంతో మా పడకగది పండుకి రాసిచ్చేశాం. లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకి పెట్టే పళ్ళెం), నీళ్ళు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. మావారు హాల్లో చింటూతో పడుకుంటే, నేను లోపల పండుతో. పండు బుగ్గలు తుడిచిన గుడ్డ చింటూ గిన్నె కింద వేసేదాన్ని. వాడి దుప్పటి ముక్క పండు పెట్టె పక్కన పెట్టాను. అది వాసన చూసి, నోరు సగం తెరిచి, పెదవి పైకి లాగి అలా ఉండిపోయింది. కంపు భరించలేక కాబోలు అని నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, పిల్లి అంగిట్లో వాసన పట్టే అవయవం ఇంకొకటి ఉందని, నోరు తెరిచి గాలి దానికి అందిస్తుందని. అంటే వాడి గురించి శ్రద్ధగా చదువుకుంటోందన్నమాట.

మూసిన తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెట్టి ఒకే వేళకి తినిపించాం. మొదట చాలా దూరంగా, రోజుకి కాస్త దగ్గరగా. పండు తినడం ఆపి తలుపుకేసి చూస్తే గిన్నె వెనక్కి. ఆరో రోజు తలుపు కింది సందులోంచి ఒక తెల్లటి పాదం బయటికొచ్చి అటూ ఇటూ తడిమింది. చింటూ వాసన చూశాడు. పాదం లోపలికెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఇక పని అయిపోయినట్టే అనుకున్నాను.

అసలు కథ గుమ్మానికి జాలీ గేటు బిగించాక మొదలైంది. చింటూ మొరగలేదు, గెంతలేదు. గేటు ముందు నేలకి కరుచుకుని, నోరు మూసి, చెవులు ముందుకి పెట్టి పండునే చూస్తూ పడుకున్నాడు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయి వీడియో కూడా తీశాను. రాత్రి చూసుకుంటే అందులో నేను వాడిని మూడుసార్లు పిలిచాను, చెవి కూడా కదల్లేదు. ముక్కు ముందు బిస్కెట్ పెట్టినా చూపు తిప్పలేదు. మొరిగే కుక్క కరవదంటారు గానీ, ఈ మొరగని కుక్క సంగతి మాత్రం నాకు వణుకు పుట్టించింది. అది బుద్ధి కాదు, వేటకి ముందు మాటు. అందులో వాడికి కోపమేమీ లేదు, కదిలేదాన్ని తరమడం వాడికి ఆట.

అప్పటినుంచి నా పని పిల్లితో కాదు, కుక్కతోనే. ముందు బాగా నడిపించి అలసిపోయాక గేటు దగ్గరికి తెచ్చేదాన్ని. వాడు తనంతట తాను చూపు తిప్పి నాకేసి చూసిన క్షణంలోనే నోట్లో ముక్క పడాలి. ఆలస్యమైతే లెక్కలోకి రాదు. "వదిలెయ్" అన్న మాట వాడికి ఎక్కడానికి పది రోజులు పట్టింది, నాకు ఓపిక అలవడటానికి ఇంకా ఎక్కువే. గొలుసు నేను బిగించి పట్టుకుంటే వాడూ బిగుసుకునేవాడు. నా టెన్షన్ గొలుసు గుండా వాడికి పాకుతోందని మావారు చెప్తే ఒళ్ళు మండింది గానీ, నిజమే.

గేటు తీసేముందు పండు కోసం పుస్తకాల అరలో పైవరస ఖాళీ చేశాం. అక్కణ్ణించి బీరువా మీదికి దారి. పైన కూర్చుంటే అది రాణీగారే. ఒకసారి కాలింగ్ బెల్ మోగేసరికి పండు కిందకి దూకి పరుగు పెట్టింది, చింటూ గొలుసుతో సహా వెంటపడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు కానీ మళ్ళీ నాలుగు రోజులు గేటు వెనకే.

లిట్టర్ ట్రే గురించి ఎక్కువ చెప్పను. కుక్కకి అందకుండా పెట్టండి, ఎందుకో ఊహించుకోండి.

ఇప్పటికి రెండున్నర నెలలు. ఒకదాన్నొకటి కావలించుకుని పడుకునే ఫోటోలు మా ఇంట్లో లేవు. మేం బయటికెళ్తే ఇప్పటికీ పండు గది తలుపు మూసే వెళ్తాం. నిన్న సాయంత్రం చింటూ పక్కకి ఒరిగి నిద్రపోతూ, కల వచ్చిందేమో, తోక నేలకేసి కొడుతున్నాడు. పండు కాస్త దూరంలో కూర్చుని కాసేపు గమనించి, గోళ్ళు లోపలికి ముడుచుకుని ఆ తోక మీద ఒక్కటి వేసింది. వాడు ఒక కన్ను తెరిచి పండుని చూశాడు. తర్వాత తల తిప్పి నాకేసి చూశాడు, ముక్క ఏదీ అన్నట్టు. లేచి డబ్బా తీశాను.