రెండోసారి కరెంటు

మొదలైంది చెవి నొప్పితో. మింగినప్పుడల్లా కుడి చెవిలో సూది దిగినట్టుండేది. నాలుక మొదట్లో క్యాన్సర్‌కి చికిత్స అయ్యి అప్పటికి మూడున్నరేళ్లు. 35 సిట్టింగుల్లో 70 గ్రేల రేడియేషన్ తిన్న గొంతు నాది. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత. (మావాళ్లు దాన్ని ఇప్పటికీ ‘కరెంటు పెట్టడం’ అనే అంటారు.) చూపిస్తే చెవి శుభ్రంగా ఉంది. రెంటికీ పోయే నరం ఒకటే కావడంతో గొంతులో జబ్బు చెవిలో పలుకుతుందట.

క్యాన్సర్ ఉన్న చోటు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో నాలుక మొదలు వెలిగింది. పాత రేడియేషన్ వాపు కూడా ఒక్కోసారి అలాగే వెలుగుతుందని ఎక్కడో విన్న ఆశ ఒకటి ఉండేది. చిన్న ముక్క తీసి పరీక్షించిన బయాప్సీ రిపోర్టు ఆ ఆశని తీసేసింది.

కోసి తీయగలిగితే అదే మొదటి దారి అన్నారు డాక్టరు గారు. నాకు కోయడమంటే నాలుక మొత్తం, బహుశా స్వరపేటికతో సహా. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు ఉంది కాబట్టే మాట్లాడకుండా ఉండే దర్జా అని తర్వాత నవ్వొచ్చింది.

రెండోది మళ్లీ రేడియేషన్. పాత ప్లాన్ తెప్పించి కొత్త స్కాన్ మీద పరిచి, ఏ భాగానికి అప్పుడు ఎంత తగిలిందో చూశారు. వెన్నుపాముకి ఒక కోర్సులో 45 నుంచి 50 గ్రేలు దాటనివ్వరు. నాకు అప్పుడే 38 అయిపోయాయి. ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపాము కొంత కోలుకుంటుంది కాబట్టే ఈ కాస్త వెసులుబాటు. మొదటిసారి మెడకి రెండు పక్కలా పెట్టారు. ఈసారి గడ్డకీ దాని చుట్టూ కొద్ది మిల్లీమీటర్లకీ మాత్రమే.

“మెడలో పెద్ద రక్తనాళం చిట్లే ప్రమాదం నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందండీ. చిట్లితే బతకడం కష్టం” అని సంతకానికి ముందే చెప్పారాయన, నా కళ్లలోకి చూస్తూ. నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

60 గ్రేలు, 50 సిట్టింగులు. రోజుకి రెండు, ఒక్కోటి 1.2 గ్రే, మధ్యలో కనీసం ఆరు గంటల ఎడం. మంచి కణాలు ఆ ఎడంలో మరమ్మతు చేసుకోవాలి. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి బిగిస్తే మాస్క్ తయారు. అలవాటైన మనిషినే అనుకున్నాను గానీ మొదటి పూట దాని కింద ఊపిరాడలేదు, చెయ్యెత్తాను. టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోకుండా విప్పి, “మళ్లీ మెల్లిగా పెడదాం సార్” అంది.

మూడో వారానికి నోరంతా పుండ్లు. జిగురు ఉమ్మి మింగలేం, ఉమ్మలేం. పొట్టకి ముందుగానే ట్యూబు వేయించడం నేను చేసిన తెలివైన పని. తెలివితక్కువ పని కూడా ఒకటుంది: ట్యూబు ఉంది కదా అని కొన్ని వారాలు మింగడమే మానేశాను. వాడని గొంతు కండరం బిగుసుకుపోతుంది. స్పీచ్ థెరపిస్టు కోప్పడేదాకా ఎక్కలేదు. చెంచాడు నీళ్లతో మింగడం మళ్లీ నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ట్యూబు తీసింది ఆ తర్వాతే.

రేడియేషన్ అయిన పన్నెండు వారాలకి తీసిన స్కాన్‌లో ఏమీ వెలగలేదు. ఇంట్లో అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఆ సాయంత్రం దవడ నొప్పి గురించే ధ్యాస.

థైరాయిడ్ మందగించి రోజూ ఒక మాత్ర. పంటికి ఏం జరిగినా పీకించుకునే ముందు రేడియేషన్ డాక్టరుని అడగాలి. దవడ ఎముక ఇక మామూలుగా మానదు.

నోరు 22 మిల్లీమీటర్లే తెరుచుకునేది. 35 లోపుంటే బిగిసినట్టే లెక్క. నాలుక నొక్కి చూసే చెక్క పుల్లలు పళ్ల మధ్య పేర్చుకుని, ఒక్కోటి పెంచుకుంటూ పోవడమే వ్యాయామం. పద్నాలుగుతో మొదలుపెట్టాను. లెక్కపెట్టేది మా అమ్మాయి. “నాన్నా, మోసం, అది పద్దెనిమిదే” అంటుంది. పోయిన నెల పంతొమ్మిది పట్టాయి. ఇరవయ్యోది నిన్న తోయబోతే దవడ ఒప్పుకోలేదు. రాత్రికి మళ్లీ చూడాలి.