మన్నా పడింది సరే, దంచేదెవరు?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

డిసెంబరు 31 రాత్రి నుంచి ఇది రాయాలని అనుకుంటున్నాను. వాచ్ నైట్ ఆరాధన అయ్యాక మా సంఘంలో ఎప్పటిలాగే, కొత్త ఏడాదికి తలా ఒక బైబిలు వచనం తీసుకునే వాగ్దాన కార్డుల పళ్ళెం తిప్పారు. నా ముందున్న ఒకాయన కార్డు తీశాడు, చదివాడు, మొహం చిన్నబుచ్చుకున్నాడు, అటూ ఇటూ చూసి దాన్ని మళ్ళీ పళ్ళెంలోనే పడేసి ఇంకోటి తీసుకున్నాడు. లాటరీ టికెట్టా అది? ఆయన వదిలేసిన కార్డు నాకే వచ్చింది. "నా కృప నీకు చాలును." పాపం, చాలును అన్న మాట ఆయనకు చాల్లేదు.

ఆయన్ని అనడానికి నాకేం హక్కుందిలెండి. నేనూ ఆ కార్డు తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. ఫిబ్రవరికల్లా దాని మీద గ్యాస్ బిల్లు, ఆ బిల్లు మీద అబ్బాయి ట్యూషన్ టైమ్ టేబుల్. పొద్దున్నే అయిదింటికి ఫోన్ మోగితే "ఈ దినపు వాగ్దానము", గులాబీ పువ్వు పక్కన ఒక వచనం. కళ్ళు పూర్తిగా తెరవకముందే ఆమెన్ అని కొట్టి ఇంకో మూడు గ్రూపులకి పంపేసేదాన్ని. పళ్ళు తోముకుంటూ ఇందాకటి వాక్యం ఏమిటో గుర్తు తెచ్చుకుందామంటే గులాబీ గుర్తొచ్చేది గానీ వాక్యం వచ్చేది కాదు.

విశ్వాసం బలపడటం లేదండీ, ప్రార్థన చేయండి అని అడుగుతుంటారు చాలామంది. నేనూ అడిగినదాన్నే. ఉజ్జీవ సభలకి వెళ్తాం, ఉపవాస కూడికలకి వెళ్తాం, వచ్చిన వారం దాకా బానే ఉంటుంది, ఆ తర్వాత మామూలే. ఎందుకిలా అని అనుకుంటున్న రోజుల్లోనే సంఖ్యాకాండం 11వ అధ్యాయం చదువుతుంటే ఒక వచనం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మన్నా అంటే ఐగుప్తు నుంచి బయటికొచ్చి ఎడారిలో తిరుగుతున్న ఇశ్రాయేలీయులకి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం. దాని గురించి మనందరికీ తెలిసింది నిర్గమకాండం 16. మంచు ఇగిరిపోయాక నేల మీద సన్నగా కనబడటం, "ఇదేమి" అని ఒకరినొకరు అడగడం, తలకొక ఓమెరు (అప్పటి కొలత) చొప్పున కూర్చుకోవడం, మర్నాటికి దాచిపెడితే పురుగు పట్టి కంపు కొట్టడం. సండే స్కూల్లో బొమ్మలేసి మరీ చెప్పారు. కానీ ఆ బొమ్మల్లో ఎవరూ వెయ్యనిది ఒకటుంది. సంఖ్యాకాండం 11:8 తీసి చూడండి. జనులు తిరుగుతూ దాన్ని కూర్చుకుని, తిరగట విసిరి లేక రోట దంచి, పెనం మీద కాల్చి రొట్టెలు చేశారట.

రోట దంచారు! ఎన్నేళ్ళుగా బైబిలు చదువుతున్నానో, ఈ రోలు నాకెప్పుడూ కనబడలేదు. ఎడారిలో గుడారాలు మోసుకుంటూ తిరిగే జనం ఆ బరువుతో పాటు రోళ్ళు, తిరగళ్ళు కూడా మోసుకుపోయారన్నమాట, 40 ఏళ్ళు. ఎందుకు మోశారు? ఆకాశం నుంచి పడింది తిన్నగా నోట్లో పడలేదు కాబట్టి.

కృపచేత కదా రక్షణ, మళ్ళీ ఈ కష్టం ఏమిటి అని కొందరు అంటారు. నిజమే, మన్నాని ఎవరూ విత్తలేదు, నీళ్ళు పెట్టలేదు, కలుపు తీయలేదు. పడటం మొత్తం ఆయన పనే. కానీ వంగి ఏరుకున్నది మనిషి నడుమే, దంచింది మనిషి చెయ్యే. ఎంత దంచినా ఒక్క గింజ కూడా కొత్తగా పుట్టదు. దంచకపోతే మాత్రం ఉన్న గింజలు రొట్టె కావు.

ఇంకో సంగతి చెప్తాను, నాకు హీబ్రూ రాదు గానీ వంటిల్లు బాగా తెలుసు కాబట్టి. మన్నా చూడటానికి తెల్లని కొతిమెర గింజలా ఉండేదని రాసుంది. కొతిమెర గింజ అంటే మన ధనియాలే. ధనియాల గింజ ఒకటి నోట్లో వేసుకుని చూడండి, గడ్డిపరక నమిలినట్టుంటుంది. అదే నాలుగు గింజలు వేయించి రోట్లో వేసి రెండు పోట్లు వెయ్యండి, పక్కింటావిడ "ఏం వండుతున్నారండీ" అని అడుగుతుంది. అవే గింజలు. వాసన అంతా లోపలే ఉంది, పగిలేదాకా బయటికి రాదు.

రుచి సంగతి కూడా చూడండి. నిర్గమకాండంలో దాని రుచి తేనెతో కలిపిన అపూపాల్లా, అంటే అప్పాల్లా, ఉందని ఉంటుంది. సంఖ్యాకాండంలో, దంచి కాల్చిన తర్వాత, క్రొత్త నూనె రుచి అంటుంది. ఈ రెండు రుచులేమిటని పండితులు ఏం చెప్తారో చెప్పుకోనివ్వండి, నాకు తోచింది నేను చెప్తాను. ఏరుకున్నప్పుడు వాక్యం తీపిగానే ఉంటుంది. గులాబీ పక్కన చదివినా తీపే, పాటలో విన్నా తీపే. ఆ తీపి నాలుక మీద ఎంతసేపుంటుంది? నూనె అలా కాదు, రొట్టెలోకి ఇంకిపోతుంది, వేళ్ళకి అంటుకుంటుంది, కడుక్కున్నా కాసేపు ఉంటుంది. మనలో చాలామందిమి తేనె దగ్గరే ఆగిపోయాం.

ఈ దంచుడు వచనం ఎక్కడొచ్చిందో గమనించారా? జనం సణుగుడు మధ్యలో. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు గుర్తొస్తున్నాయి, ఈ మన్నా తప్ప మా కళ్ళ ముందు ఇంకేమీ లేదు అంటున్నారు. (ఉచితంగానట! వీపు మీద కొరడాతో ఇటుకలు చేయించుకుని పెట్టిన తిండిని ఉచితం అంటున్నారు.) మనదీ అదే సణుగుడు కాదూ? "ఈ ఆదివారం అయ్యగారి వాక్యం చప్పగా ఉందండీ." ఆరు రోజులు మనం ఒక్క గింజ ఏరలేదు, ఏడో రోజు ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్ళి నింపమంటాం. ఇశ్రాయేలీయులకి విశ్రాంతి దినాన బయట ఏమీ దొరకలేదు, ఆరో రోజే రెట్టింపు కూర్చుకుని వండుకున్నవాళ్ళే కూర్చుని తిన్నారు. ఆదివారం ప్రసంగం రుచించాలంటే శనివారం రాత్రి ఇంట్లో పొయ్యి వెలగాలి.

మా నాయనమ్మకి చదువు రాదు. ఒంగోలు వైపు పల్లెటూరు. ఒక్క వాక్యాన్ని పట్టుకుని దంచడంలో ఆ జిల్లాకి పెద్ద చరిత్రే ఉంది. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని, కూలి ఇచ్చారు. సంఘ బోధకులే మేస్త్రీలు. తట్టలు మోసి అలిసి కూర్చున్నవాళ్ళ దగ్గర కూర్చుని యేసు చెప్పిన ఒక వాక్యాన్ని పదే పదే చెప్పేవాళ్ళట: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. రోజుకో వాగ్దానం పంపే ఫోను లేదు. నెత్తి మీద తట్ట, నోట్లో ఆ ఒక్క వాక్యం, అంతే.

మా నాయనమ్మ వాక్యం కూడా అదే. క్రిస్మస్‌కి ముందు అరిసెల కోసం నానబెట్టిన బియ్యం వడగట్టి, తడి ఆరీ ఆరకముందే రోట్లో పోసి దంచేది. ఒక్కో పోటుకి ఒక్కో మాట. "ప్రయాసపడి." దబ్. "భారము." దబ్. "మోసికొనుచున్న." రోకలి ఎత్తినప్పుడు ఊపిరి పీల్చడం, దించినప్పుడు మాట. నేను పక్కన జల్లెడ పట్టుకుని కూర్చునేదాన్ని, పిండి జల్లించడానికి. నూక మిగిలితే మళ్ళీ రోట్లోకే. ఒకసారి ఉన్నట్టుండి రోకలి ఆపి అడిగింది, "అమ్మాయ్, నువ్వు చదువుకున్నావుగా, మోసుకొనుచున్న అన్నాడా, మోసి దించిన అన్నాడా?"

"మోసికొనుచున్న అనే ఉంది నాయనమ్మా."

"అదీ! దించేసి రమ్మన్లేదు. మోసుకుంటానే పోవచ్చు."

అని మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. నాకప్పుడు పన్నెండేళ్ళు, అర్థం కాలేదు. ఇప్పటికి ఈ వచనం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు, ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. మనమంతా బాగుపడ్డాక ప్రార్థన చేద్దామనుకుంటాం, కోపం తగ్గాక బైబిలు తీద్దామనుకుంటాం, అప్పు తీరాక గుడికి వెళ్దామనుకుంటాం. దించేసి రమ్మని ఆయన ఎక్కడన్నాడు?

ఇక నా సంగతి. ఏడాదిలో బైబిలు మొత్తం చదివే పట్టిక పెట్టుకుని చదివేదాన్ని. 1,189 అధ్యాయాలు, రోజుకి మూడు పైచిలుకు. జనవరి అంతా పరుగే, ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర బండి ఆగేది, మళ్ళీ తోసుకుంటూ వెళ్ళడం. రెండుసార్లు పూర్తి చేశాను కూడా. టిక్కులన్నీ పడ్డాయి. ఏరిన మూటలు గుడారం నిండా ఉన్నాయి, రొట్టె ఒక్కటి లేదు. చదవొద్దని అనడం లేదు, తప్పకుండా చదవండి, నేనూ చదువుతున్నాను. కానీ దాంతో పాటు వారానికి ఒక్క వచనం తీసుకుని దంచడం మొదలుపెట్టాను. ఫ్రిజ్ మీద కాదు, గిన్నెలు తోమే సింకు పైన చిన్న కాగితం మీద రాసి పెడతాను, ఎందుకంటే అక్కడ ఎలాగూ రోజుకి గంట నిలబడాలి. మొదటి రోజు ఒక మాట పట్టుకుంటాను, రెండో రోజు ఇంకోటి. ఇది ఎవరితో అన్నాడు, నాతోనే అంటే నేనేం చెయ్యాలి, ఇప్పుడే చెయ్యాలా అని నలుపుతూ ఉంటాను. రోజూ కుదరదు. కుదరని రోజు కుదరదు, అంతే.

మొదట్లోనే ఎఫెసీ 4:26 తీసుకుని చిక్కుల్లో పడ్డాను. "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." మా తోటికోడలికీ నాకూ అప్పటికి ఎనిమిది నెలలుగా మాటల్లేవు. కారణం చెప్తే నవ్వుతారు, మా అత్తగారి ఇత్తడి బిందె. సోమవారం "కోపపడుడి" అన్న మాట తీపిగానే ఉంది, పడొచ్చన్నమాట అనుకున్నాను. మంగళవారం కూడా పర్లేదు. బుధవారం "సూర్యుడస్తమించువరకు" దగ్గరికొచ్చేసరికి లెక్క వేశాను, ఎనిమిది నెలలంటే ఇంచుమించు రెండు వందల నలభై సూర్యాస్తమయాలు. ఆ లెక్క వెయ్యకుండా ఉంటే బాగుండేది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బస్సులో కిటికీలోంచి చూస్తే ఎండ ఇంకా గోడల మీద ఉంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. హమ్మయ్య అనుకున్నాను, నిజం చెప్పాలిగా. ఇల్లు చేరేసరికి తనే చేసింది, "ఏంటక్కా, చేశారు?" అంది. క్షమించు గిమించు అని నేనేం అనలేదు, నోరు రాలేదు. పిల్లలు ఎలా ఉన్నారన్నాను. చిన్నదానికి జ్వరం అంది. ఏం మందు వేస్తున్నావో అడిగాను. ఆరు నిమిషాలు. బిందె సంగతి ఎవరం ఎత్తలేదు, అది ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది. పండక్కి మాత్రం వస్తోంది.

సభలో చెప్పుకునే సాక్ష్యం కాదిది, చప్పట్లు పడవు. అయినా నా విశ్వాసం ఒక వెంట్రుకవాసి పెరిగింది ఎప్పుడంటే నేను ఆ బస్సునే చూపిస్తాను, ఏ ఉజ్జీవ సభనీ కాదు.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఆ ఫార్వర్డులు కాస్త ఆపండి. పంపేముందు ఒక్కసారి మీ రోట్లో వెయ్యండి. ఎండెక్కితే మన్నా కరిగిపోతుందని రాసుంది, మనకి ఏడింటికల్లా పాలవాడు, క్యాబ్, పిల్లల బాక్సులు అన్నీ ఎక్కేస్తాయి, అందుకే ఓ పది నిమిషాలు ముందు లేవండి. చదువు రాదని చిన్నబోయే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని ఒక వచనం చదివి, దానికి వాళ్ళేమంటారో వినండి. పిల్లలతో కంఠత వాక్యం అప్పజెప్పించుకుని చాక్లెట్ ఇచ్చి వదిలెయ్యకండి, అందులో ఏ మాట కష్టంగా ఉందిరా అని అడగండి.

ఈ వారం మా సింకు పైన ఫిలిప్పీ 4:6 ఉంది. "దేనినిగూర్చియు చింతపడకుడి." శనివారం మా వాడి ఇంటర్ రిజల్ట్స్, ఇంట్లో టెన్షన్ ఎలా ఉందో చెప్పక్కర్లేదు. చింతపడకుడి అన్నంతవరకు బాగానే నలిగింది. "దేనినిగూర్చియు" దగ్గర రోకలి ఆగింది, మూడు రోజులుగా అక్కడే ఉన్నాను. ఇంకా బరకగానే ఉంది.